తలుపు కింద గచ్చకాయ

ఆ రోజు ఇంట్లో నలుగురు ఉన్నారు. వంటింటి గడప మీద కూర్చుని వక్క నములుతున్న ముత్తమ్మ. మొదటి షిఫ్టు దిగి, నాచారం నుంచి చిలుకానగర్ దాకా నడిచొచ్చి, వాచిన కాళ్లను నీళ్ల బకెట్లో పెట్టుకున్న ఆమె కోడలు దుర్గాభవాని. ముందు గదిలో మూలకు ఒదిగి, ఒళ్లో డైరీ పెట్టుకున్న సారలమ్మ. పదహారేళ్ల పిల్ల, దుర్గాభవాని అన్న కూతురు. లోపలి గదిలో, మూసిన తలుపు వెనక, దుర్గాభవాని భర్త కనకరాజు.

ఐదో మనిషి కూడా వచ్చాడు గాని ఆయనను ఇంటివాళ్ల లెక్కలో వేయకూడదు. ఒక చాయ్ తాగినంతసేపే ఉన్నాడు. ఆ కాసేపట్లోనే ఇంటి మీద పిడుగు వేసి పోయాడు.

ఆయన పేరు గోపాలరావు. మల్లాపూర్‌లో డబ్బాల మూతలు కొట్టే కార్ఖానాలో ఫోర్‌మన్. కనకరాజు పద్దెనిమిదేళ్లు ఆయనతోనే పనిచేశాడు. గోపాలరావు చెప్పులు విప్పి నేరుగా లోపలి గది తలుపు దగ్గరికి వెళ్లి వేళ్లతో కొట్టాడు.

"కనకరాజన్నా, జర తలుపు తియ్యి. నేను, గోపాలరావును."

అప్పటిదాకా లోపల చెంచా కంచానికి తగులుతున్న చప్పుడు వినిపించింది. అది ఆగిపోయింది.

"తింటుండు బిడ్డా," అంది ముత్తమ్మ. "తినేటప్పుడు ఎవ్వర్ని రానియ్యడు."

నాలుగు నెలలుగా అదే తంతు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ప్రెస్ మిషన్ కనకరాజు కుడిచేతి చివరి రెండు వేళ్లను తీసుకుంది. తక్కిన మూడూ దక్కాయి గాని, కట్టు విప్పేసరికి కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. దవాఖానాలో డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నాడు. వాడుతుంటే వేళ్లు వంగుతాయి, వాడకపోతే ఎప్పటికీ ఇట్లాగే ఉండిపోతాయి అని దుర్గాభవానికి రెండుసార్లు చెప్పాడు. కనకరాజు రెండు రోజులు ఆ బంతి వంక చూసి, మూడో రోజు ఎడమ చేత్తో దాన్ని గోడ అవతలికి విసిరేశాడు. కుడిచేతికి తువ్వాల చుట్టుకున్నాడు.

వేళ్లు పోయినందుకు ఆయన అంతగా కుమిలిపోలేదేమో. ఎడమచేత్తో అన్నం తినాల్సి వచ్చినందుకే కుమిలిపోయాడు. ఎడమచేత్తో తినే మనిషిని కన్నతల్లి చూడకూడదు, కట్టుకున్నది చూడకూడదు, కోడలు వరస అయ్యే పిల్ల అసలే చూడకూడదు. అందుకని తలుపు మూసేవాడు. మొదట్లో తినేటప్పుడే మూసేవాడు. తర్వాత తర్వాత, తిన్నాక తీయడం మానేశాడు. స్నానానికి బయటికి వచ్చినా గోడ వైపు ముఖం పెట్టుకుని నడిచేవాడు.

గోపాలరావు తలుపుకు నోరు దగ్గరగా పెట్టి మాట్లాడాడు. "తిను అన్నా, తిను. ఇంటె సాలు. ఈ సమ్మెల బస్సుల్లేక పట్నమంతా కాళ్ల మీదనే నడుస్తుంది. ముసలోళ్లు సుత నడుస్తున్నరు. నువ్వొక్కనివే కూసుంటివి."

నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుని ఆయన గొంతు తగ్గించాడు.

"సేఠ్ ఒక మాట జెప్పమన్నడు. ఆయుధపూజ నాడు రమ్మన్నడు. లివర్ పట్టి ఒక్క మూత కొట్టి సూపియ్యాలె. సూపిస్తే నీ మిషన్ నీదే. నీ మిషన్‌కు నువ్వే బొట్టు పెట్టుకుంటవ్."

"లేకపోతే?" అంది దుర్గాభవాని.

గోపాలరావు చాయ్ పూర్తిగా తాగాకే జవాబు చెప్పాడు. "గేటు కాడ కుర్చీ ఏస్తరు వదినా. మిషన్ కొత్త పిలగానికిస్తరు. వాడు పూజ నాడే బొట్టు పెడ్తడు."

మల్లాపూర్ కార్ఖానాల్లో దసరా పూజ అంటే అంత మాటే. ఏడాది పొడుగునా ఎవడి మిషన్ వాడు కడిగి, తుడిచి, ఆ రోజు తన చేత్తో పసుపు కుంకుమ పెడతాడు. ఒకడి మిషన్‌కు ఇంకొకడు బొట్టు పెట్టాడంటే మొదటివాడి కథ అయిపోయినట్టే.

లోపలి నుంచి చెంచా వచ్చి తలుపుకు ఠంగుమని తగిలింది. గోపాలరావు గ్లాసు కింద పెట్టాడు. "పన్నెండు దినాలున్నయ్," అని చెప్పి చెప్పులు వేసుకున్నాడు.

ఆయన బండి చప్పుడు మలుపు తిరగకముందే ముత్తమ్మ అందుకుంది. "నా కొడుకును కుక్కను కూసోబెట్టినట్టు గేటు కాడ కూసోబెడ్తరట. నువ్వు జర మంచిగ జెప్పి ఆ చెయ్యి ఆడిపిస్తే గీ కత ఎందుకొచ్చు?"

"నేను జెప్తలేనా అత్తమ్మా? నాలుగు నెలల సంది తలుపుకు జెప్తున్న. తలుపొక్కటే ఇంటుంది."

"పెండ్లాం జెప్పే తీరు ఉంటది."

"కన్నతల్లి జెప్పే తీరు ఉండదా?"

ఇద్దరూ మెల్లగానే అనుకున్నారు. అరిచినా బాగుండేదనిపించింది సారలమ్మకు. జనగామ దిక్కు ఊళ్లో, సర్కారు బడిలో పదో తరగతి దాకా చదువుకుని, ఇంటర్ చదవడానికి మేనత్త ఇంటికి వచ్చిన పిల్ల ఆమె. ఎవరైనా పేరు అడిగితే చెప్పడానికే తల వంచుకుంటుంది. కాలేజీలో నోరు విప్పకముందే సమ్మె వచ్చి కాలేజీ మూతపడింది. మేనత్త పనిచేసే మందుల కంపెనీవాళ్లు పంచిన డైరీలో రాసుకోవడం ఒక్కటే ఆమెకు మాట్లాడటం.

ఆ మధ్యాహ్నం దుర్గాభవాని కాళ్లు తుడుచుకుని వంటింట్లోనే చాప మీద ఒరిగింది. ముత్తమ్మ పక్కింటి మల్లవ్వ అరుగు మీదికి పోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది. సారలమ్మ పెట్టె అడుగు నుంచి నల్లగుడ్డ సంచి తీసింది. అందులో ఐదు గచ్చకాయలున్నాయి. బూడిద రంగువి, గోళీలంతేసి, ఏళ్ల తరబడి ఆడి ఆడి నున్నబడినవి. ఊళ్లో ఆమెను ఈ ఆటలో ఓడించినవాళ్లు లేరు. ఇక్కడ మాత్రం దాచుకుని ఆడాలి. ఇంట్లో గచ్చకాయలాడితే దరిద్రం చుట్టుకుంటుందని ముత్తమ్మ నమ్మకం.

ఒక కాయ పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోపు నేల మీదున్నది అందుకుని, రెండూ కలిపి పట్టుకోవాలి. మొదట ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, మూడేసి, చివరికి నాలుగూ ఒకేసారి. ఆడుతుంటే ఒంట్లో వణుకు వేళ్ల చివరల నుంచి దిగిపోతుంది. గోపాలరావు మాట, అత్త మాట, అవ్వ మాట ఒక్కొక్కటే పలచబడసాగాయి. మూడేసి దగ్గర చెయ్యి తడబడింది. ఒక కాయ జారి గచ్చు మీద దొర్లుకుంటూ పోయి, లోపలి గది తలుపు కింద దూరింది. వానకాలంలో నీళ్లు తగిలి ఆ తలుపు అడుగు చివికిపోయింది. చెయ్యి దూరనంత, కాయ దూరేంత సందు.

లోపల కాయ దేనికో తగిలి ఆగింది. మంచం కిర్రుమంది. అంతే.

ఆమె అడగలేదు. అడిగే నోరే ఉంటే ఆమె సారలమ్మ ఎందుకవుతుంది? ఆ రోజు డైరీలో ఇట్లా రాసుకుంది: "ఒకటి లోపలికి పోయింది. నాలుగింటితో ఆట సాగదు."

మర్నాడు, ఇల్లు సద్దుమణిగిన వేళకే, నాలుగు కాయలు ముందేసుకుని ఊరికే కూర్చుంది. అప్పుడు తలుపు కింది నుంచి కాయ బాణంలా దూసుకొచ్చింది. ఆమె మోకాలి పక్క నుంచి పోయి ఇనుప బకెట్‌కు తగిలి ఖణేలుమంది. సారలమ్మ గుండె కూడా అట్లాగే మోగింది. కోపంతో విసిరాడా? చప్పుడు చేయకుండా ఆడుకోమనా? ఆమెకు తెలియలేదు. తెలుసుకునే దారి ఒక్కటే. ఆ కాయను మళ్లీ తలుపు కిందికి దొర్లించింది.

చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత కాయ వచ్చింది. ఈసారి మెల్లగా, దారి అడుగుతున్నట్టు దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలి బొటనవేలి దగ్గర ఆగింది.

మూడో రోజు నాలుగుసార్లు పోయింది, నాలుగుసార్లు వచ్చింది. నాలుగో రోజు సారలమ్మ చెంప నేలకు ఆనించి సందులోంచి చూసింది. మంచానికి వీపు ఆనించి మామ నేల మీద కూర్చుని ఉన్నాడు. కాయ పోగానే ఎడమచెయ్యి చటుక్కున వచ్చి అందుకుంటోంది. కుడిచెయ్యి తువ్వాలలో, ఒళ్లో, నిద్రపోయే పిల్లిలా ముడుచుకుని ఉంది.

ఆమె లేచి కూర్చుని ఆలోచించింది. ఎడమచెయ్యి ఎంత ఆడినా లాభం లేదు. వంగాల్సింది అవతలి చెయ్యి. ఆ గదిలో ఏది ఎక్కడుందో ఆమెకు తెలుసు. రోజూ పొద్దున, ఆయన స్నానానికి పోయినప్పుడు, ఊడ్చేది తనే. మామకు కుడివైపు గోడవారగా ఇనుప పెట్టె ఉంది. పెట్టెకూ గోడకూ మధ్య బెత్తెడు సందు. అందులో పడింది తీయాలంటే ఎడమచెయ్యి తిరగదు.

గురి చూసి కాయను గోడవారగా పంపింది. అది పెట్టె వెనక్కి పోయి ఆగిన చప్పుడైంది.

లోపల కదలిక. ఎడమచేత్తో పెట్టె లాగబోయిన చప్పుడు. పెట్టె నిండా పాత పనిముట్లు, కదల్లేదు. ఒక బూతుమాట వినిపించింది. నాలుగు నెలల్లో ఆ గదిలోంచి సారలమ్మ విన్న మొదటి మాట అదే. తర్వాత ఏమీ లేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. అత్త లేస్తే? అవ్వ తిరిగొస్తే? చేసిన పనికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతలో తువ్వాల విప్పిన చప్పుడు, గోడకు గోళ్లు గీరుకున్న చప్పుడు. ఒక మూలుగు. మళ్లీ గీరుడు.

కాయ బయటికి వచ్చింది. చేతిలోకి తీసుకుంటే చెమటకు తడిసి వెచ్చగా ఉంది.

"కుడిచెయ్యి పట్టింది," అని రాసుకుంది ఆ రోజు. కింద గీత కూడా గీసింది.

ఆరో రోజు కాయతోపాటు మాట కూడా వచ్చింది.

"రెండేందే? నిన్నటిదాంక ఒక్కటే పంపితివి గద."

సారలమ్మ ఉలిక్కిపడింది. చుట్టూ చూసింది. తలుపు వైపు తిరిగి, దానికి మాత్రమే వినిపించేట్టు అంది. "రెండు ఒక్కపారే పట్టుకోవాలె మామా. ఒకటొకటి తీస్తే ఓడినట్టు."

"ఎవలు జెప్పిన్రు?"

"ఆట గట్లనే ఉంటది."

"మా పట్నపు ఆట గిట్ల ఉండదు."

"పట్నపోల్లకు గచ్చకాయలు రావు గద మామా."

అని నాలుక కరుచుకుంది. తలుపు అవతల ముక్కులోంచి ఫుస్సుమని చప్పుడు వచ్చింది. మామ నవ్వాడు! తలుపుతో మాట్లాడటం మనిషితో మాట్లాడటంకన్నా ఎంత తేలికో సారలమ్మకు అప్పుడు తెలిసింది. బహుశా అవతలి మనిషికి కూడా అంతే. ఆ రోజు ఇద్దరూ ఊరి గురించి, పట్నం గురించి, కార్ఖానా క్యాంటీన్‌లో నీళ్ల పప్పు గురించి మాట్లాడుకున్నారు. కాయలు రెండేసి పోయాయి, రెండేసి వచ్చాయి. సాయంత్రం కంచం తీసుకున్న దుర్గాభవాని, "ఇయ్యాల మొత్తం తిన్నడు," అని ఆశ్చర్యపోయింది. ఎందుకో సారలమ్మ చెప్పలేదు. చెబితే గచ్చకాయల మాట వస్తుంది. మామ ఆడపిల్లల ఆట ఆడుతున్నాడని నలుగురికీ తెలిస్తే ఆ తలుపు ఇంక ఎన్నటికీ తెరుచుకోదని ఆమెకు భయం.

కాని రోజులు కరుగుతున్నాయి. ఆయుధపూజకు ఐదు రోజులే ఉంది. రెండు కాయలు పట్టిన చెయ్యి లివర్ పట్టలేదు. సారలమ్మకు తొందర పుట్టింది. అక్కడే తప్పు చేసింది. ఎనిమిదో రోజు మూడు కాయలు ఒకేసారి పెట్టె వెనక్కి పంపింది.

"ఇవి నాతోని గావు," అన్నాడు కనకరాజు.

"అయితయ్ మామా. గట్టిగ పట్టు."

గీరుడు మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. "నీ యవ్వ!" అని ఒక అరుపు. పెట్టె రేకు గీసుకున్న చప్పుడు. తర్వాత తలుపు కింది నుంచి మూడు కాయలూ ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. గచ్చు మీద వాటి వెనకే సన్నటి ఎర్రటి గీత.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. దుర్గాభవాని లోపలికి వచ్చింది. వెనకాల ముత్తమ్మ.

కంపెనీలో దుర్గాభవాని పని మాత్రలు చూడటం. బెల్టు మీద పోయే వేలాది మాత్రల్లో విరిగినదీ మచ్చ పడినదీ ఏరి పారేయాలి. ఎనిమిది గంటలు ఆ పని చేసిన కంటికి గచ్చు మీది గీత కనపడకుండా ఉంటుందా? గీత వెంట ఆ చూపు తలుపు దాకా పోయింది, తిరిగి కాయల దగ్గరికి వచ్చింది, చివరికి సారలమ్మ ముఖం మీద ఆగింది.

"ఏంది రక్తం?"

సారలమ్మ అరచేత్తో ఆ గీత తుడవబోయింది.

"అడుగుతున్న గద. ఏం జేస్తున్నవే?"

"ఆట... మామ..."

"ఇంట్ల ఆడొద్దని మొత్తుకుంటి గదనే!" అంది ముత్తమ్మ. "ఇగ జూడున్రి, రక్తమే సూడవడితిమి."

దుర్గాభవాని గొంతు పెద్దది కాలేదు. అదే భయమేసింది సారలమ్మకు. "పుండు మానక మనిషి సస్తుంటే, ఆయన చెయ్యి నీకు ఆటబొమ్మ అయిందా? ఐదు దినాలున్నదే పూజకు. ఐదంటె ఐదు! ఉన్న మూడేళ్లు గూడ చెడగొడ్తవా?"

తలుపు వెనక కనకరాజు ఉన్నాడు. ఒక్క మాట చెబితే చాలు. సారలమ్మ తలుపు వంక చూసింది. తలుపు నోరు విప్పలేదు.

దుర్గాభవాని ఐదు కాయలూ గుప్పిట్లోకి తీసుకుని బయటికి నడిచింది. ఇంటి ముందు మురుగు మోరీలో అవి పడిన చప్పుడు లోపలికి వినిపించింది. తిరిగొచ్చి, "రేపు నాకు సెలవు. ఉప్పల్ కాడ జీపులు పోతున్నయట. పొద్దుగాల ఊరికి పోదువు. బట్టలు సర్దుకో," అంది.

ఆ రోజు డైరీలో సారలమ్మ ఏమీ రాయలేదు.

తెల్లవారి సంచి భుజాన వేసుకుని ముందు గదిలో నిలబడింది. ముత్తమ్మ దారికని పేపర్లో నాలుగు సకినాలు చుట్టి ఇచ్చింది. దుర్గాభవాని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, ఆమె వంక చూడకుండా, "పా," అంది.

టక్. టక్.

తలుపు అడుగు నుంచి. ఎవరో కింద కూర్చుని వేలి కణుపుతో కొడుతున్నారు.

"కోడలా," అంది లోపలి గొంతు. "కాయలేవి?"

ముగ్గురు ఆడవాళ్లూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

"నిన్న మూడు అందినయ్. బయటికి తీసేటప్పుడు పెట్టె రేకు కోసుకుంది గంతే. ఇయ్యాల మల్ల పంపు."

సారలమ్మ అత్త వైపు చూసింది. అత్త తలుపు వైపు చూస్తోంది.

"ఏందే, మాట్లాడవు? ఓడిపోతనని భయమైతుందా?"

గొళ్లెం తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. కనకరాజు గడప మీద నిలబడ్డాడు. మాసిన బనీను, పెరిగిన గడ్డం. కుడిచేతికి తువ్వాల లేదు. మూడు వేళ్లు, రెండు మచ్చలు, అరచేతి అంచున ఎండిన రక్తపు చార. ఆయన భుజాన సంచితో ఉన్న పిల్లను చూశాడు, పెళ్లాన్ని చూశాడు.

"యాడికి పంపుతున్నవ్ దాన్ని? ఆట ఒడవలే ఇంక."

దుర్గాభవాని దగ్గరికి వచ్చి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మాత్రను వెలుగులోకి పట్టి చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇది వంగుతుందా?" అంది.

"గింత," అని కనకరాజు చూపుడువేలు వంచాడు. అది సగం దాకా వచ్చి వణుకుతూ ఆగింది. మధ్యవేలు దాని వెనకాల కొంచెం కదిలింది. మామ నుదుటి మీద చెమట పట్టింది.

దుర్గాభవాని ఆ చెయ్యి వదిలేసి బయటికి నడిచింది. ఇంటి ముందు, అందరూ చూస్తుండగా, మోరీ దగ్గర గొంతుక్కూర్చుని మోచెయ్యి దాకా బురదలో పెట్టింది. పక్క అరుగు మీది నుంచి మల్లవ్వ కేకేసింది. "ఏం పోయిందే దుర్గా? ముక్కుపుల్లనా?"

"ముక్కుపుల్ల పోతే నేనెందుకు ఎతుకుత?" అంది దుర్గాభవాని తలెత్తకుండా.

నాలుగు దొరికాయి. ఐదోది నీళ్లలో కొట్టుకుపోయింది. వాటిని సబ్బుతో మూడుసార్లు కడిగి, కొంగుతో తుడిచి, సారలమ్మ చేతిలో పెట్టింది. తప్పు నాదేనని అనలేదు. భుజం మీది సంచి మాత్రం తనే తీసి కొక్కేనికి తగిలించింది. కనకరాజు ఇనుప పెట్టె తెరిచి, కెలికి, నున్నగా అరిగిన ఒక నట్టు తీశాడు. "ఐదోది ఇది. పాత మిషన్‌ది."

"ఇంట్లనేనా ఆడేది?" అంది ముత్తమ్మ. అందరూ ఆమె వైపు చూశారు. ముసలామె కాసేపు వక్క నమిలింది. "సరె, ఆడున్రి. ఉన్నదాన్కంటె దరిద్రం ఇంకేం వస్తది."

మిగిలిన రోజులు ఆట ఎదురెదురుగా సాగింది. కనకరాజుకు కాయ ఎగరేయడం రాలేదు. ఎగరేస్తే నెత్తిన పడేది. దుర్గాభవాని షిఫ్టు నుంచి వచ్చి చూస్తూ కూర్చునేది, తర్వాత తనూ ఒక చెయ్యి వేసేది. మోసం చేస్తుందని భర్త, చెయ్యలేదని ఆమె. ఒకరోజు ఆ పంచాయితీ వీధి దాకా వినిపించింది. కాని అన్నం వేళకు చెంచా వచ్చేది, తలుపు మూసుకునేది. వేళ్లు కాయను పట్టేవి, నట్టును పట్టేవి, నీళ్ల చెంబును మాత్రం జార్చేవి. ఒకసారి చెంబు జారి కాలి మీద పడితే ఆయన రోజంతా కాయలు ముట్టలేదు. సారలమ్మ డైరీలో రోజుల లెక్క తగ్గుతూ వచ్చింది: నాలుగు, మూడు, రెండు.

పూజ నాటి పొద్దున వీధిలో బండి ఆగింది. గోపాలరావు హారను మోగించాడు. "వదినా, అన్న తయ్యారేనా? సేఠ్ తొమ్మిదింటికే వస్తడు!"

లోపలి గదిలో కనకరాజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నేల మీద కంచం ముందు కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. దుర్గాభవాని అన్నం, పప్పు వడ్డించి, చెంచా కోసం గూట్లో చెయ్యి పెట్టింది.

"చెంచా వద్దు," అన్నాడు కనకరాజు.

ఆమె చెయ్యి గూట్లోనే ఆగిపోయింది.

"ముద్ద పట్టుకుంటే లివర్ పట్టుకున్నట్టే. ముద్దనే పట్టలేనోడు మిషన్ ఏం పడ్తడు? పట్టకపోతే గోపాలరావును పొమ్మను."

మళ్లీ హారను మోగింది. ముత్తమ్మ వాకిట్లోకి పోయి, "ఆగు బిడ్డా, జర ఆగు," అంటోంది. సారలమ్మ గడప దగ్గర నిలబడింది. గుప్పిట్లో నాలుగు గచ్చకాయలు, ఒక నట్టు. అవి ఒకదానికొకటి రాసుకునేంత గట్టిగా పట్టుకుంది.

కనకరాజు కుడిచెయ్యి తువ్వాల కింది నుంచి కాదు, చొక్కా చేతిలోంచి బయటికి వచ్చింది. అన్నంలోకి దిగింది. చూపుడువేలు వంగింది. బొటనవేలు వచ్చి చేరింది. మధ్యవేలు నిటారుగానే ఉండిపోయింది. మెతుకులు సందులోంచి జారి కంచంలో పడ్డాయి. ఆయన దవడ బిగుసుకుంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారాయి.

"మూడు ఒక్కపారే మామా," అంది సారలమ్మ. తలుపు చాటున కాదు, ఎదురుగా నిలబడి, అందరికీ వినిపించేట్టు.

మధ్యవేలు కదిలింది. వణికింది. మెల్లగా వంగి తక్కిన రెండింటి పక్కకు వచ్చింది. ముద్ద కంచం మీంచి లేచింది, బెత్తెడు, ఇంకో బెత్తెడు. సారలమ్మ కళ్లు ఆర్పడం మరిచిపోయింది. ఒక మెతుకు రాలింది, ముద్ద మాత్రం నిలిచింది.

దుర్గాభవాని చివాలున తల తిప్పింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "అట్ల మిటమిట జూస్తవేందే పిల్లా? తినే ముద్దకు దిష్టి తగుల్తది. జరుగు!" అని, గడప దాకా వచ్చి, సారలమ్మ ముఖం మీదే తలుపు మూసేసింది.